చిన్న మిద్దె మీద చోటు దేనికి: పండ్ల మొక్కలకా, కూరగాయలకా?

బెజవాడ మిద్దె:
నీళ్ల ట్యాంకు, బట్టలారేసే తీగలు పోగా మా మిద్దె మీద సుమారు మూడు వందల చదరపు అడుగుల ఖాళీ ఉంది. సగానికి కోసిన డ్రమ్ములు వరసగా పెట్టి మామిడి, సపోటా, జామ, అంజీర వేద్దామని మామయ్యగారు పట్టుబడుతున్నారు. కూరగాయలు రైతుబజారులో ఎప్పుడైనా దొరుకుతాయి కదా అని ఆయన వాదన. నాకు కూరగాయలే పెంచాలని ఉంది. ఇంట్లో నలుగురం, ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. అనుభవం ఉన్నవారు చెప్పండి.

పందిరి కింద:
కూరగాయలకే ఇవ్వండమ్మా. అంటుమొక్క తెచ్చినా మామిడి డ్రమ్ములో చెప్పుకోదగ్గ కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ తర్వాత కూడా ఏడాదికి ఒక్కసారే కాపు. అదే చోట తోటకూర చల్లితే నెల తిరిగేసరికి కోతకొస్తుంది. వేళ్లతో సహా పీకకుండా కొసలు తుంచుకుంటే మళ్లీ చిగురిస్తుంది. దొండ తీగ ముక్క ఒకటి నాటితే చాలు, ఏళ్ల తరబడి కాస్తుంది. చోటు తక్కువున్నవారు ఎత్తును వాడుకోవాలి: పైన దొండ, బీర పాకితే వేసవిలో ఆ నీడన పుదీనా, పాలకూర బతుకుతాయి.

రైతుబజారు సంగతికి వస్తే, మీ మామయ్యగారి వాదన తిరగబడిందని నాకనిపిస్తోంది. మామిడిని కాయగా కోసి మగ్గబెట్టుకుంటాం. నూజివీడు నుంచి మీ ఇంటికి వచ్చినా రసం రుచి తగ్గదు. ఆకుకూర అలా కాదు, కోసిన గంట నుంచే వాడిపోవడం మొదలవుతుంది. ఇంట్లో పండించుకున్నందుకు తేడా నాలుకకు తెలిసేది గోంగూరలో, మెంతికూరలో.

జామచెట్టు:
మామిడి విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ ఆమె ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తామని రాశారు, దాన్ని మీరు దాటేశారు. కూరగాయలంటే ప్రతి కారుకూ విత్తనం, నారు, ఎరువు, పందిరి కట్టడం, పేనుబంక కోసం ఆకు తిప్పి చూడటం. ఇంత చేశాక బీర పిందెలు పసుపు రంగుకు తిరిగి రాలిపోతాయి. అంటుజామ రెండో ఏటి నుంచి కాపు మొదలుపెడుతుంది. కొమ్మ కత్తిరింపు, ఏడాదికి రెండు మూడుసార్లు పశువుల ఎరువు, వేపపిండి ఇస్తే సరిపోతుంది. ఇక అంజీర చెట్టు మీదే పండాలి, కోశాక మగ్గదు. పండినది దూరం తీసుకెళ్లడానికి ఆగదు. తాజా అంజీర రుచి తెలియాలంటే ఇంట్లో మొక్క ఉండాల్సిందే.

పందిరి కింద:
అంజీర గురించి మీరన్నది నిజం. ఒక డ్రమ్ము దానికి ఇవ్వవచ్చు. జామకు మాత్రం శ్రమ లేదంటే ఒప్పుకోను. వానాకాలపు జామను పండు ఈగ వదలదు. పైకి నిగనిగలాడుతున్న కాయను కోస్తే లోపల తెల్లటి పురుగులు కదులుతుంటాయి. ఏప్రిల్, మే నెలల పూత తుంచేసి జూన్, జులై పూతను నిలుపుకుంటే చలికాలంలో మంచి కాయలు వస్తాయి. అదీ పనే కదా.

బీర పిందెలు రాలడానికి చాలాసార్లు కారణం పురుగు కాదు, పరాగసంపర్కం జరగకపోవడం. పై అంతస్తులకు తేనెటీగలు తక్కువగా వస్తాయి. ఆడపువ్వు వెనక వేలెడు పిందె ఉంటుంది, మగపువ్వుకు ఉత్త కాడే. మగపువ్వు కోసి, రేకులు వెనక్కి వలిచి, పసుపు పుప్పొడిని ఆడపువ్వు మధ్యనున్న కీలాగ్రానికి మెల్లగా అద్దాలి. బీర, సొర పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి. ఆఫీసు నుంచి వచ్చిన వారికి సరిగ్గా కుదిరే వేళ! కాకర, గుమ్మడికైతే ఉదయమే చేయాలి.

స్లాబు లెక్క:
మీరిద్దరూ రుచుల గురించే మాట్లాడుతున్నారు, బరువు సంగతి ఎవరూ ఎత్తలేదు. మనుషులు తిరిగే మిద్దెకు భారతీయ ప్రమాణాల ప్రకారం లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. సగం డ్రమ్ములో నూరు లీటర్ల తడిమట్టి, మొక్క కలిస్తే నూరు కిలోలు సులభంగా దాటుతుంది. పైగా అదంతా పావు చదరపు మీటరు జాగాలోనే పడుతుంది. అలాంటివి వరసగా స్లాబు నడుమ పెట్టకండి. స్తంభాల మీద, దూలాల మీద వచ్చేలా, దూరదూరంగా ఉంచండి. మట్టిలో కొబ్బరి పొట్టు, కంపోస్టు కలిపితే బరువు తగ్గుతుంది. డ్రమ్ము కింద ఇటుకలు పెట్టి నీరు నిలవకుండా చూడండి. పాత ఇల్లయితే ముందు ఇంజినీరుకు చూపించాకే డ్రమ్ములు కొనండి.

బెజవాడ మిద్దె:
ఇల్లు పాతదే, ఈ వారమే చూపిస్తాం. ఇంజినీరు సరేనంటే పిట్టగోడ పక్కన స్తంభాలున్న చోట రెండు డ్రమ్ములు: ఒకటి అంజీర, ఒకటి జామ. మామయ్యగారు మామిడి వదులుకోవడానికి ఇంకా సిద్ధంగా లేరు. మిగతాదంతా పందిరికీ ఆకుకూరలకూ. టమాటా ఎప్పుడు వేయాలి?

పందిరి కింద:
వర్షాలు కాస్త తగ్గాక నారు పోయండి, చలికాలమంతా కాస్తుంది. మార్చి దాటి ఎండ 35 డిగ్రీలు మించితే పూత రాలిపోతుంది, అప్పుడు నీరు ఎంత పోసినా ఫలితం ఉండదు.

జామచెట్టు:
జామ కొనేటప్పుడు అంటు కట్టిన చోటు మట్టిలో కప్పుకుపోకుండా నాటండి. అంటు కింది నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు తుంచేయాలి. రెండు డ్రమ్ములు తక్కువని నేను ఇప్పటికీ అంటాను. నిమ్మకు కూడా చోటు చూడండి.