డబ్బు తీసుకుని ఆడాలా? తిరుపతి జగ్లింగ్ బృందంలో ఎడతెగని చర్చ

బాలాజీ కాలనీ (చర్చ మొదలుపెట్టినవారు):

ఆదివారం సాయంత్రాలు యూనివర్సిటీ మైదానంలో ఒక మూల చేరి జగ్లింగ్, అంటే బంతులు వరసగా ఎగరేసి పట్టుకునే ఆట, చేసే బృందం మాది. ఇంటర్ పిల్లలున్నారు, రిటైరైన లెక్కల మాస్టారున్నారు, ఆటో నడిపే అన్న ఉన్నాడు, కాలేజీ అమ్మాయిలున్నారు. ఫీజు లేదు. ముందొచ్చినవాళ్ళు తర్వాతొచ్చినవాళ్ళకు నేర్పుతారు. ఈమధ్య ఒక ఈవెంట్ మేనేజర్ మమ్మల్ని చూసి, పెళ్ళి రిసెప్షన్లలో ఆడితే డబ్బిస్తానన్నాడు. ముహూర్తాలు మొదలైతే నెలంతా పని ఉంటుందట. సగంమంది ఒప్పుకుందామంటున్నారు. నేను వద్దంటున్నాను. మీరేమంటారో చెప్పండి.

నా అభ్యంతరం ఇదీ. మూడు బంతులు నేర్చుకునేవాణ్ణి దగ్గర నిలబడి చూడండి. మొదటి బంతి కంటి ఎత్తుకు పోయి కిందికి తిరిగే క్షణంలో రెండోది వదలాలి, అది తిరిగేటప్పుడు మూడోది. కొత్తవాడి చెయ్యి అంతసేపు ఆగదు. కంగారులో రెండో బంతిని పైకి వెయ్యకుండా పక్క చేతికి అందించేస్తాడు. బంతులు ముందుకు పోతుంటాయి, వాటి వెనకే వాడూ నడిచిపోతుంటాడు. అందుకే గోడకు ఎదురుగా నిలబెడతాం. అక్కడ ఎన్నిసార్లు పడేసుకున్నా ఎవరూ నవ్వరు. రాగులు నింపి కుట్టిన గుడ్డ బంతులు కాబట్టి దొర్లవు, పడ్డచోటే ఉంటాయి. తీసుకుని మళ్ళీ వేస్తాడు. రేపు పెళ్ళి కోసం ప్రాక్టీసు మొదలైందనుకోండి, బంతి పడెయ్యని నలుగురిదే మైదానం అవుతుంది. గోడ దగ్గరివాడి పక్కన నిలబడే తీరిక ఎవరికుంటుంది?

రేణిగుంట రోడ్డు:

ఆ సగంమందిలో నేనూ ఒకణ్ణి. సరైన క్లబ్బులు (బంతుల బదులు ఎగరేసే సీసా ఆకారపు కర్రలు) మూడు కొనాలంటే వేలల్లో అవుతుంది. మన ఇంటర్ పిల్లలు నీళ్ళ సీసాల్లో ఇసుక పోసి వాటితో ప్రాక్టీసు చేస్తున్నారు. బరువంతా అడుగునే ఉండి సీసా సరిగా తిరగదు, వేళ్ళ మీద పడి వాస్తున్నాయి. నాలుగు రిసెప్షన్లు ఆడితే అందరికీ మంచి క్లబ్బులొస్తాయి.

ఇంకో మాట. సర్కస్ పుట్టిందే టికెట్టు మీద. విష్ణుపంత్ ఛత్రే 1880లో బొంబాయిలో గ్రేట్ ఇండియన్ సర్కస్ ఆడించింది జనం డబ్బిచ్చి చూస్తారనే. కేరళలో తలశ్శేరి దగ్గర కీలేరి కుంజికన్నన్ 1901లో సర్కస్ బడి పెట్టి నేర్పింది బతుకుదెరువు విద్యగానే. మన కోడి రామమూర్తి నాయుడు గుండెల మీద ఏనుగును నిలబెట్టుకుంది కూడా సర్కస్‌లోనే. డబ్బు తీసుకున్నందుకు వాళ్ళ విద్యకు ఏం తక్కువైంది?

పలమనేరు:

అన్నా, మీ ఇద్దరి మాటల్లో లేనోళ్ళ గురించి నేను చెప్తా. చిన్నప్పుడు మా సంతకు గడ ఎక్కేవాళ్ళు వస్తా ఉండిరి. కొయ్యలు కత్తెర మాదిరి నాటి, మధ్యలో తాడు బిగించేవాళ్ళు. తండ్రి డోలు కొడతా ఉంటే బిడ్డ తలమీద చెంబుల మీద చెంబులు పెట్టుకోని, చేతిలో పొడుగాటి కర్ర పట్టుకోని నడిచేది. సంతంతా తలెత్తి చూసేది. ఆట అయిపోయినాక తల్లి పళ్ళెం పట్టుకోని వస్తే మాత్రం ముందు వరసలోవాళ్ళు ఒకరెనకాల ఒకరు జారుకునేవాళ్ళు.

ఆ కుటుంబాలోళ్ళు ఇప్పుడూ ఉండారు. కొందరు కూలికి పోతా ఉండారు, కొందరు ఇంకా ఆడతా ఉండారు. ఆ మేనేజర్ కంటికి వాళ్ళు ఎందుకు కనపడలేదు? మీరు టీషర్టులేసుకోని, రెండు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడతారు, రిసెప్షన్‌లో పక్కన నిలబెట్టుకోడానికి బాగుంటారు. అంతకుమించి మీ దగ్గర వాళ్ళకన్నా జాస్తి ఏముండాది? జీతమో, ఇంట్లో అన్నమో ఉండే మీరు ఆ పని తీసుకుంటే, తరతరాలుగా ఒళ్ళు హూనం చేసుకోని నేర్చినోళ్ళకు మిగిలేది ఏంది? వాళ్ళను పిలవమని మేనేజర్‌కు చెప్పండి.

తిరుచానూరు అమ్మ:

మా అబ్బాయికి పదమూడేళ్ళు, ఈ బృందానికే వస్తాడు. పిల్లల్ని డబ్బు ఆటకు తీసుకెళ్ళే మాటుంటే వాడు రాడని ముందే చెప్తున్నాను. సర్కసుల్లో పిల్లల్ని పనికి పెట్టకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు పద్నాలుగేళ్ళలోపు పిల్లలు సినిమాల్లో, టీవీలో నటించడానికి షరతులతో మినహాయింపు ఇచ్చారు గానీ, సర్కస్‌ను పేరుపెట్టి మరీ ఆ మినహాయింపు బయట ఉంచారు. పెళ్ళి స్టేజీ మీద జగ్లింగ్ సర్కస్ కిందికి వస్తుందా రాదా అన్నది వకీళ్ళు తేల్చుకోనీ. నా బిడ్డ మీద ఆ ప్రయోగం వద్దు.

పరీక్షల రోజుల్లో వాణ్ణి బంతులాటకు ఎందుకు పంపుతున్నావని మా ఆడపడుచు నాతో గొడవపడుతుంది. ఆమెకు నా జవాబు ఇదీ: జర్మనీ పరిశోధకులు కొత్తవాళ్ళకు మూడు నెలలు జగ్లింగ్ నేర్పించి, ముందూ వెనకా మెదడు స్కాన్ తీసి, 2004లో నేచర్ పత్రికలో రాశారు. కదిలే వస్తువును చూపుతో పట్టే భాగాల్లో గ్రే మ్యాటర్ (మెదడులోని బూడిదరంగు పదార్థం) పెరిగింది. మూడు నెలలు మానేశాక తీస్తే పెరిగింది తగ్గింది. నేను దాన్నుంచి తీసుకున్నది ఒక్కటే: వాడు దీన్ని మానకుండా చెయ్యాలి. ఒక సీజన్ పెళ్ళిళ్ళ కోసం రుద్ది, విసుగుపుట్టించి వదిలేస్తే నాకు ఒప్పుకోలు కాదు.

రేణిగుంట రోడ్డు:

అమ్మా, పద్దెనిమిది నిండనివాళ్ళెవరూ రారు. నిప్పాట కూడా ఉండదు. షామియానా కింద కిరోసిన్ గుడ్డలు తిప్పడానికి నేనే ఒప్పుకోను.

పలమనేరు అన్నకు ఒక ప్రశ్న. మనం సరదాకి చేస్తున్నాం, పైసా వద్దు అంటే ఆ మేనేజర్ ఏం చేస్తాడు? "ఊరికే ఆడేవాళ్ళున్నారు, నీకెందుకివ్వాలి" అని ఆ కుటుంబాలతోనే బేరమాడతాడు. మన పని ఉచితమైతే ముందు దెబ్బ తినేది వాళ్ళే. రేటు గట్టిగా అడిగితేనే వాళ్ళకూ ఆ రేటు దక్కుతుంది.

అలిపిరి దారి:

పెళ్ళిళ్ళు వదిలెయ్యండి. మే నెలలో గంగమ్మ జాతరలో ఉచితంగా ఆడండి. ఊరంతా చూస్తుంది.

తాతయ్యగుంట:

ఆ మాట అనొద్దు. బైరాగి వేషం, తోటి వేషం, మాతంగి వేషం వేసేవాళ్ళు మొక్కు తీర్చుకోడానికి వేస్తారు, గంగమ్మ కోసం వేస్తారు. మొక్కు ఉంటే మీరూ వెయ్యండి. జనం పోగైనారు కదా అని మధ్యలో దూరి బంతులు ఎగరెయ్యడం బాగుండదు.

బాలాజీ కాలనీ:

రేణిగుంట అన్న చెప్పిన రేటు మాట నిజం. అందుకే ఉచితంగానూ ఆడొద్దంటాను. మనం చేసేది ప్రదర్శన కాదు, కలిసి నేర్చుకోవడం.

సర్కస్ టికెట్టు మీద పుట్టింది, సరే. మన మాస్టారు నేర్పే అంకెల పద్ధతి ఎక్కడ పుట్టింది? సైట్‌స్వాప్ అంటారు దాన్ని. 441 అని రాస్తే ప్రతి అంకె ఒక విసురు. అంకె ఎంత పెద్దదైతే బంతి అంత ఆలస్యంగా మళ్ళీ చేతిలో పడుతుంది. మూడు అంకెలూ కూడితే 9, ఉన్నవి మూడంకెలు కాబట్టి మూడుతో భాగిస్తే 3, అంటే మూడు బంతుల ఆట. 531 కూడా అంతే. బంతి పట్టుకోకముందే కాగితం మీద కొత్త ఆట కట్టొచ్చు. 1980ల్లో ఇంగ్లండులో కేంబ్రిడ్జ్ దగ్గరా, అమెరికాలో కాలిఫోర్నియాలోనూ లెక్కలంటే ఇష్టమున్న జగ్లర్లు ఎవరికివారు కనిపెట్టి అందరికీ పంచారు. సమాచార సిద్ధాంతానికి మూలపురుషుడు క్లాడ్ షానన్ జగ్లింగ్ చేసేవాడు, దానికో సూత్రమే రాశాడు. యూరప్‌లో 1978లో బ్రైటన్‌లో కొద్దిమందితో మొదలైన జగ్లర్ల కలయిక ఇప్పుడు వేలమంది వచ్చే పండుగైంది. అక్కడ కూడా జనం ఎక్కువగా చేసేది ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడమే.

మొన్న ఆటో అన్నా, ఒక ఇంటర్ అమ్మాయీ ఆరు క్లబ్బులతో ఎదురెదురుగా నిలబడ్డారు. కుడిచేతి విసురు ఒకటి విడిచి ఒకటి ఎదుటివాళ్ళకు పోవాలి. ఆ అమ్మాయి వేగం పెంచింది, అన్న అందుకోలేకపోయాడు. ఎవరూ ఏమీ అనకుండానే తను ఎత్తు పెంచి, ఆయనకు సమయం ఇచ్చేట్టు వెయ్యడం మొదలుపెట్టింది. చూసేవాళ్ళ కోసం ఆడితే అన్నను పక్కకు తప్పించేవాళ్ళు. అది నాకు ఇష్టం లేదు.

కాలేజీ అమ్మాయి:

నేనూ బృందంలోదాన్నే. మైదానంలో ట్రాక్‌ప్యాంటులో చెమట కారుతూ ఆడినా నన్నెవరూ పట్టించుకోరు, ఆ స్వేచ్ఛ కోసమే వస్తాను. ఆ మేనేజర్ మాతో అడిగిన మొదటి ప్రశ్న "అమ్మాయిలు ఎంతమంది వస్తారు" అని. రెండోది డ్రెస్సు గురించి. ఈ చర్చలో అందరూ డబ్బు గురించి మాట్లాడారు, ఈ మాట ఎవరూ ఎత్తలేదు. నేను వెళ్ళను.

రేణిగుంట రోడ్డు:

ఆ ప్రశ్నలు నాకు తెలియవు చెల్లీ. అలా అడిగినవాడి దగ్గరికి ఎవరూ పోవద్దు. కానీ అతను కాకపోతే ఇంకొకరు వస్తారు. మర్యాదగా మాట్లాడి మంచి రేటిచ్చేవాళ్ళు దొరికితే నేను నా పేరు మీద వెళ్తాను, బృందం పేరు వాడను. గోడ దగ్గరివాళ్ళ సమయం తినకుండా ప్రాక్టీసు వేరే రోజు పెట్టుకుంటాను. క్లబ్బుల సంగతి మాత్రం తేల్చండి. ఆ సీసాలతో పిల్లల వేళ్ళు పాడవుతాయి.

పలమనేరు:

నీ పేరు మీద పోయినా నా ప్రశ్న అట్నే ఉండాది అన్నా. మా సంతకు వచ్చే ఆ కుటుంబం మనిషిని కనుక్కోని ఒక ఆదివారం మీ మైదానానికి తీసుకొస్తా. రానుపోను చార్జీలు, ఆ రోజు కూలీ మీ బృందం ఇయ్యాల. తాడు మీద నడవడం వాళ్ళ దగ్గర నేర్చుకోండి. మీ లోపల డబ్బు తీసుకోవద్దని పెట్టుకోండి, బాగుంటుంది. నేర్పడానికి వచ్చే ఆయనకు మాత్రం ఊరికే నేర్పమని చెప్పొద్దండి.

బాలాజీ కాలనీ:

ఇస్తాం. ఎంతివ్వాలో ఆయన్నే అడిగి చెప్పు తమ్ముడూ, బేరమాడం. క్లబ్బులకు మనలో ఉద్యోగాలున్నవాళ్ళం తలా కొంత వేసుకుందాం. పెళ్ళిళ్ళ విషయంలో మాత్రం నా మాట మారదు.