భీమిలి ఒడ్డున స్థలం కొంటే ఊరికి అన్యాయం చేసినట్టేనా?

హైదరాబాదీ302:
భీమిలి బీచ్ రోడ్డుకి కాస్త లోపలగా 200 గజాలు చూశాను, రిటైరయ్యాక ఇల్లు కట్టుకుందామని. ఆఫీసులో చెబితే ఒకాయన "మీలాంటివాళ్ల వల్లే మత్స్యకారులు ఊళ్లొదిలి పోతున్నారు" అన్నాడు. నేనెవర్నీ ఖాళీ చేయించట్లేదు. అమ్మేవాడు ఇష్టపడే అమ్ముతున్నాడు. ఇందులో తప్పెక్కడుందో తిట్టకుండా చెప్పండి.

జీడితోట:
తప్పేం లేదండి. మాకు రెండెకరాల జీడితోట ఉండేది. 2014లో హుద్‌హుద్‌ తుఫానుకి సగం చెట్లు కూలాయి. 2020లో విశాఖకి రాజధాని వస్తుందన్న ఊపులో ఎకరం అమ్మి చెల్లి పెళ్లి చేశాం, అప్పులు తీర్చాం. అప్పుడు "అయ్యో, పల్లె పోతోంది" అని బాధపడ్డవాళ్లెవరూ మా జీడిపిక్కలకి ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వలేదు. ప్రభుత్వమే కాపులుప్పాడ కొండ మీద ఐటీ కంపెనీ కాగ్నిజెంట్‌కి 20 ఎకరాలకు పైగా, ఎకరం 99 పైసల లెక్కన ఇచ్చింది. 200 గజాలాయన్ని నిలదీయడమేంటి?

ఉప్పుగాలి:
జీడితోట గారూ, మీరు అమ్ముకున్నారు, బాగుపడ్డారు, సంతోషం. మా మత్స్యకారులకి అమ్ముకోడానికి ఏటుంది? మ్యాపు తెరిచి చూడండి, కాపులుప్పాడ, చేపలుప్పాడ పక్కపక్కనే ఉంటాయి. పేర్లలోనే ఉంది కథంతా. పొలం ఉన్నవాడికి ధర పెరిగితే లాభం. మాకున్నది గ్రామకంఠంలో రెండు గదుల ఇల్లు, ఇసుక మీద వాడుక. తమ్ముడికి పెళ్లయితే వేరుకాపురానికి ఆ చుట్టుపక్కల సెంటు భూమి కొనగలమా? "ఊరు బాగుపడింది" అన్నప్పుడు ఏ సగం బాగుపడిందో కూడా చెప్పాలి.

ఇంకోటి. ఇసుక మీకు చూడ్డానికి, మాకు పని చెయ్యడానికి. పెద్దవల లాగాలంటే రెండు తాళ్ల దగ్గరా కలిపి ముప్పై నలభై మంది నిలబడాలి. ఫైబర్ బోటు ఒడ్డెక్కించాలి. మా అమ్మావాళ్లు ఎండుచేపలు ఆరబెట్టాలి. కిందటేడు ఒక రిసార్టు మనిషొచ్చి "గెస్టులకి వాసనొస్తోంది, ఇంకోచోట ఆరబెట్టుకోండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు లెండి.

జీడితోట:
ఆ రిసార్టుల్లోనే మీ పిల్లలకి పనులూ వచ్చాయి కదా? గుజరాత్‌లో వేరావల్ రేవుకి వేటపనికి పోయే బాధ తప్పింది.

ఉప్పుగాలి:
వచ్చాయి, కాదనను. మా మేనల్లుడు ఒకచోట వాచ్‌మన్. వేరావల్ బోటు మీద సంపాదించిన దాంట్లో సగం కూడా రాదు. కానీ 2018 నవంబరులో మన ఉత్తరాంధ్రవాళ్లని పాకిస్తాన్ పట్టుకుపోయి 2020 జనవరి దాకా జైల్లో ఉంచింది. అప్పట్నుంచి మా అక్కకి ఈ సగం జీతమే నయం. అందుకే "ఎవరూ రావొద్దు" అని నేననను.

కార్డిఫ్‌లో_కాకినాడ:
ఇక్కడ వేల్స్‌లో ఇదే గొడవ. కొన్ని తీరం పల్లెల్లో సగం దీపాలు చలికాలంలో వెలగవు, అన్నీ సెలవుల ఇళ్లే. 2023 ఏప్రిల్ నుంచి రెండో ఇంటి మీద కౌన్సిల్ టాక్సుకి (మన ఇంటిపన్ను లాంటిది) అదనంగా 300 శాతం దాకా వేసే అధికారం కౌన్సిళ్లకి ఇచ్చారు. ఇక్కడే గ్వినెత్ ప్రాంతంలో 2024 సెప్టెంబరులో, మామూలు ఇంటిని రెండో ఇల్లుగా మార్చాలన్నా ప్లానింగ్ అనుమతి కావాలని రూలు పెట్టారు. ఇంగ్లండ్‌లో, కార్న్‌వాల్ తీరాన సెయింట్ ఐవ్స్ ఊరివాళ్లయితే 2016లో ఓటు పెట్టి, కొత్తగా కట్టే ఇళ్లు అక్కడే కాపురం ఉండేవాళ్లకే అన్నారు. పాత ఇళ్లకి ఆ రూలు లేదు, కాబట్టి డబ్బున్నవాడు పాతది కొనుక్కోవచ్చు. మన దగ్గరా రెండో ఇంటి పన్ను పెడితే? (అందరూ అత్తగారి పేరు మీద రాయిస్తారనుకోండి.)

ఉప్పుగాలి:
పన్నుతో మా ఇసుక తిరిగొస్తుందా అండీ? అసలు ఉన్న చట్టం సంగతి చూడండి. 2011 సీఆర్‌జెడ్ (తీరం కట్టడాల నియంత్రణ) నోటిఫికేషన్‌లో పల్లె తీరంలో పోటు గీత, అంటే పోటు నీళ్లు వచ్చే హద్దు నుంచి 200 మీటర్లు కట్టడాలు నిషేధం. 2019లో, చదరపు కిలోమీటరుకి 2,161 మంది కంటే ఎక్కువున్న చోట్ల దాన్ని 50 మీటర్లు చేశారు. ఇరుకుగా బతికేది మేము, మా ఇరుకు చూపించి సడలింపు. ఆ ఖాళీలో కట్టుకునే స్తోమత ఎవరికుంది? 2024లో భీమిలి ఇసుకలో కట్టిన కాంక్రీటు గోడని కూల్చడానికి హైకోర్టు దాకా వెళ్లాల్సొచ్చింది. అందరూ కోర్టుకి వెళ్లగలరా?

హైదరాబాదీ302:
మీరు చెప్పాక బ్రోచర్ మళ్లీ చూశాను. "ప్రైవేట్ బీచ్ దారి" అని పెద్దక్షరాలతో ఉంది. నిజం చెప్పాలంటే నాకు నచ్చింది అదే. ఆ దారి ఇంతకుముందు ఎవరిదై ఉంటుంది?

ఉప్పుగాలి:
ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్కారు సర్వే కొలతల పటం) తీయించండి, బ్రోకర్ ఇచ్చిన ప్లాను కాదు. అందులో రస్తా గీత ఉంటే లేఅవుట్‌వాడు పోరంబోకు (సర్కారు స్థలం) కలుపుకున్నట్టు, కొంటే మీకే ఇబ్బంది. గీత లేకపోతే అది మావాళ్ల కాలిబాట అయ్యుండొచ్చు, కాగితం లేదంతే. అప్పుడు మీకు ఏ ఇబ్బందీ ఉండదు. చేపల గంప మోసే ఆడోళ్లు చుట్టూ తిరిగి పోతారు.

జీడితోట:
సర్వే నంబరు నాకు పంపండి. మా నాన్న పెట్టెలో ఆ చుట్టుపక్కల పాత స్కెచ్‌లు కొన్ని ఉన్నాయి. బాట ఎటు పోయేదో ఆయనకి గుర్తుండాలి, చిన్నప్పుడు చేపలకి ఆ దారినే వెళ్లేవాడు.