స్మోకీస్ ఫాల్ కలర్స్: స్లైడర్ ఎంతవరకు లాగొచ్చు?

నీలికొండ: నిన్న మన గ్రూపు గ్యాలరీలో నేను అమెరికాలోని గ్రేట్ స్మోకీ కొండల్లో కువోహీ శిఖరం దగ్గర తీసిన ఫోటో ఒకటి పెట్టాను. లోయ నిండా తెల్లటి పొగమంచు, పైన పొరలు పొరలుగా నీలి కొండలు, ముందు వరసలో నారింజ రంగు చెట్లు. దాని కింద పాతలెన్స్ గారు "ఇది ఫోటోనా, పెయింటింగా?" అని ఒక్క ముక్క రాసి వెళ్లిపోయారు. అక్కడ వాదించడం ఇష్టం లేక ఇక్కడ మొదలుపెడుతున్నాను. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ స్లైడర్లతో నేను చేసింది ఇంతే: వైట్ బ్యాలెన్స్ కాస్త చల్లబరిచాను (అంటే రంగుల్ని నీలం వైపు జరిపాను), మసక తగ్గించే డీహేజ్ 20, నారింజ కొంచెం పెంచాను. రా ఫైల్, అంటే కెమెరా మెరుగులు దిద్దకుండా ఇచ్చే ఫైలు, ఉడకని బియ్యం సార్. వండకుండా ఎవరైనా వడ్డిస్తారా?

త్రిపాదం: నాకు నచ్చింది. వాల్‌పేపర్ కూడా పెట్టుకున్నా.

పాతలెన్స్: వండండి, ఎవరు వద్దన్నారు. బియ్యం వండి బిర్యానీ అని చెప్పొద్దు అంటున్నా. ఆ కొండల్ని అక్కడి మూలవాసులు చెరోకీలు షాకొనగే అన్నారు, నీలి పొగల చోటు అని. స్మోకీస్ అనే పేరు కూడా ఆ పొగ వల్లే వచ్చింది. మీరు అంత దూరం వెళ్లి, ఆ పొగనే డీహేజ్‌తో తుడిచేసి, మళ్లీ "మిస్టీ మార్నింగ్" అని క్యాప్షన్ పెడతారు!

నీలికొండ: పొగ తుడవలేదండీ. వెనక కొండల అంచులు తేలడానికి పై సగానికి మాత్రమే వాడాను. లోయలో మంచు ముట్టుకోలేదు.

పాతలెన్స్: ముట్టుకోకపోతే మంచు అంత నీలంగా ఎలా ఉంది?

నీలికొండ: మీరేగా నీలి పొగల చోటు అన్నారు!

డార్క్‌రూమ్: ఇద్దరూ రెండు వేర్వేరు వాటి గురించి మాట్లాడుతున్నారు. చెట్లు వదిలే ఆవిరుల నుంచి గాల్లో అతి సన్నని కణాలు ఏర్పడి, నీలి కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. దూరపు కొండల మీద కనిపించే నీలం అదే. తెల్లారి లోయలో పేరుకునేది వేరు, అది నీటి బిందువులు. రాత్రి ఆకాశం తేటగా ఉండి, నేల చల్లబడి, గాలి ఆడకపోతే చల్లగాలి లోయలోకి దిగి అక్కడే నిలిచిపోతుంది. ఆ బిందువులు కాస్త పెద్దవి, అన్ని రంగుల్నీ సమానంగా చెదరగొడతాయి కాబట్టి మంచు తెల్లగా ఉంటుంది. సూర్యుడు రాకముందు నీడలో అదీ నీలంగానే కనిపిస్తుంది. ఆటో వైట్ బ్యాలెన్స్‌లో పెడితే కెమెరా ఆ నీలాన్ని తప్పు అనుకుని సరిదిద్దేస్తుంది. నేను వైట్ బ్యాలెన్స్‌ని డేలైట్ సెట్టింగ్‌లోనే ఉంచుతాను.

పాతలెన్స్: నేనూ అదే అంటున్నా.

నీలికొండ: నేనూ అదే అంటున్నా.

చిన్నక్లిక్: అందరికీ నమస్కారం, కొత్త సభ్యుణ్ణి. మేం నవంబర్ 2న వెళ్తున్నాం. అప్పటికి రంగులు మిగిలి ఉంటాయా? పార్కింగ్ ట్యాగ్ తప్పనిసరా?

పాతలెన్స్: సరే, నీలం వదిలేద్దాం. ఆ ముందు వరస చెట్లేంటో చెప్పండి. కువోహీ శిఖరం 6,643 అడుగులు. ఆ ఎత్తులో ఉండేవి స్ప్రూస్, ఫ్రేజర్ ఫర్ అనే సూదాకుల చెట్లు. ఏడాది పొడవునా పచ్చగానే ఉంటాయి. పురుగు పట్టి ఎండిపోయిన ఫర్ మోళ్లు బూడిద రంగులో కనిపిస్తాయి తప్ప నారింజ రంగులో కనిపించవు. మీ ఫోటోలో ఎడమ మూల చెట్టు ఆకారం చూడండి, సూది మొనతో గోపురంలా ఉంది. అది ఫర్. ఫర్ నారింజ రంగు ఎలా వేసుకుంది?

నీలికొండ: అది మౌంటెన్ యాష్, ఆకు రాల్చే చెట్టే.

పాతలెన్స్: మౌంటెన్ యాష్‌కి ఎర్ర పళ్లుంటాయి. ఏవీ?

నీలికొండ: ఆ దూరంలో పళ్లు కనిపిస్తాయా సార్!

త్రిపాదం: జూమ్ చేశా. నాకు ఫర్ లాగానే ఉంది, సారీ అన్నా.

నీలికొండ: సరే, ఆ మూల పసుపు స్లైడర్ కాస్త ఎక్కువ జరిగి పచ్చలోకి పాకి ఉంటుంది. ఒక్క చెట్టు. ఆ ఒక్క చెట్టుకి ఇంత రాద్ధాంతమా? ఫిల్ము రోజుల్లో మీరు మాత్రం ఏం చేశారు? 1990లో ఫ్యూజీ వెల్వియా ఫిల్ము వచ్చాక ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్లంతా దాని వెంట పడ్డారు. దానిలో రంగులు కళ్లు చెదిరేలా వచ్చేవి. అప్పుడు మోసం కాదు, ఇప్పుడు స్లైడర్‌తో చేస్తే మోసమా?

పాతలెన్స్: వెల్వియా ఎరుపుని ఇంకా ఎరుపు చేసేది. పచ్చ చెట్టుని నారింజ చేసేది కాదు.

నీలికొండ: ఫర్ ఫర్ అని పట్టుకుని వేలాడుతున్నారు. అసలు మీ బాధ ఏంటి? ఆ ఫోటో కోసం మూడు రోజులు వరసగా తెల్లవారుజామున 4కి లేచాను. రెండు రోజులు మబ్బులోనే నిలబడి ఒట్టి చేతులతో వెనక్కొచ్చాను. మూడో రోజు ఒక్క పది నిమిషాలు తెర తొలగింది. మీరు కుర్చీలో కూర్చుని చెట్లు లెక్కపెడుతున్నారు. మీ ఫోటో ఈ గ్రూపులో చూసి ఎన్నేళ్లయింది?

డార్క్‌రూమ్: నీలికొండ, అది అవసరం లేని మాట.

పాతలెన్స్: అవసరమేలెండి, అడిగారు కాబట్టి చెప్తా. రెండేళ్ల కిందట ఇదే గ్రూపులో మీరే అక్టోబర్ 24న ఒక ఫోటో పెట్టారు. "కువోహీ, పీక్ కలర్!" అని. అప్పుడు మా అమ్మ ఇండియా నుంచి వచ్చి ఉంది. ఆ ఫోటో ఆవిడకి చూపించా. ఆ శనివారమే బయల్దేరాం. పార్కింగ్ నుంచి శిఖరం మీది టవర్‌కి అర మైలే, కానీ నిట్టనిలువు. మోకాళ్ల నొప్పులతో ఆగి ఆగి ఎక్కింది. పైన మబ్బు. అది నా ఖర్మ, దానికి మిమ్మల్ని అనను. మధ్యాహ్నం మబ్బు విడిపోయింది. చూస్తే పచ్చ ఫర్‌లు, కిందుగా ఆకులు రాలిపోయిన బోడి కొమ్మలు. ఒక్క నారింజ ఆకు లేదు. "పొగ చూపించడానికి ఇంత దూరం తెచ్చావట్రా" అని నవ్వింది. నవ్విందే గానీ ఆవిడ అడిగింది ఆ ఫోటోలో చెట్టు. మళ్లీ రాలేదు. ఇప్పుడు అంత ప్రయాణం చేయలేదు కూడా.

త్రిపాదం: అయ్యో.

నీలికొండ: సార్, అది... ఆ ఫోటో తీసింది అక్టోబర్ 24న కాదు. అంతకు ముందు ఏడాది, అక్టోబర్ మొదటి వారం. పెట్టింది మాత్రం ఆ రోజు. ఎప్పుడు తీశానో రాయాలని అప్పట్లో తట్టలేదు.

పాతలెన్స్: అదీ సంగతి. పైన రంగు అక్టోబర్ మొదట్లో వచ్చి పోతుంది, నెలాఖరుకి కింద లోయల్లోకి దిగుతుంది. మీ ఫోటో చూసి నేను పైకెక్కా. ఆ వారమే కిందనే ఉండి కేడ్స్ కోవ్ లోయకి పోయుంటే ఆవిడకి మేపుల్స్ చూపించేవాణ్ణి. మీ స్లైడర్లతో నాకు పని లేదు నాయనా.

నీలికొండ: మొదటి నుంచీ స్లైడర్ల మీదే పడ్డారు కదండీ!

పాతలెన్స్: స్లైడర్ మీద కూడా అభ్యంతరం ఉంది. అది వేరే.

నీలికొండ: తేదీ ఇకనుంచి రాస్తాను. పాత ఫోటోలకి కూడా ఈ రాత్రి కూర్చుని పెడతాను. రంగులు మాత్రం నా ఇష్టం. ఫోటో నేను చూపించాలనుకున్నది చూపిస్తుంది, అదేమీ వాతావరణ సూచన కాదు.

డార్క్‌రూమ్: క్యాప్షన్‌లో "ఈ రోజు" అని రాస్తే అది సూచనే అవుతుంది.

చిన్నక్లిక్: నా ప్రశ్న ఎవరైనా చూశారా అండీ?

పాతలెన్స్: చూశాను బాబూ, కోపంలో వదిలేశా. నవంబర్ 2కి పైకి పోకు. కేడ్స్ కోవ్ 11 మైళ్ల లూప్, లిటిల్ రివర్ రోడ్, ఈ కింది ఎత్తుల్లో తిరుగు. షుగర్ మేపుల్, స్వీట్‌గమ్, స్కార్లెట్ ఓక్ దొరకొచ్చు, ఏడాదిని బట్టి. ప్రవేశ రుసుము లేదు గానీ 15 నిమిషాలు దాటి బండి ఆపితే ట్యాగ్ కావాలి. 2023 మార్చి నుంచి ఆ రూలు. రోజుకి 5 డాలర్లు, వారానికి 15. లూప్ గేటు తెల్లారాకే తీస్తారు, ముందే లైన్లో ఉండు. ముందు రోజు వాన పడి, రాత్రి తేటబడిందా, నిద్ర మానేసి అయినా వెళ్లు. మంచు పొలాల మీద పరుచుకుని ఉంటుంది.

నీలికొండ: మంచు తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచు తమ్ముడూ, అంటే వెలుగు రెట్టింపు. లేకపోతే కెమెరా తెల్లటి మంచుని బూడిద రంగు చేసేస్తుంది.

పాతలెన్స్: అది నిజం. లెన్స్ ముందు పోలరైజర్ ఫిల్టర్ కూడా తగిలించు. తడి ఆకుల మీద మెరుపు పోయి అసలు రంగు బయటికొస్తుంది.

నీలికొండ: పోలరైజర్ కూడా ఉన్నదాన్ని మార్చడమే కదా సార్?

పాతలెన్స్: అది అద్దం. స్లైడర్ కాదు.