మానసిక జబ్బుతో సైన్యం నుంచి పంపించారు, డిసెబిలిటీ పింఛను ఇవ్వలేదు: అనుభవం ఉన్నవారు చెప్పగలరు

గిద్దలూరు_జవాను_భార్య
మా వారు ఇన్‌ఫాంట్రీలో పనిచేశారు. చివరి పోస్టింగ్ కశ్మీర్‌లోని కుప్వారా. అక్కడ ఉండగానే నిద్ర పూర్తిగా పోయింది. ఫోనులో మాట్లాడుతూ మాట్లాడుతూ ఎవరో వింటున్నారని పెట్టేసేవారు. మిలటరీ ఆసుపత్రిలో స్కిజోఫ్రీనియా అని తేల్చి, 2016లో మెడికల్ బోర్డు పెట్టి ఇంటికి పంపించారు. వైకల్యం 40 శాతం అని రాశారు. ఆ కిందనే, జబ్బు సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల పెరగలేదు అని రాశారు. ఆ ఒక్క వాక్యంతో పింఛను లేదన్నారు. పదేళ్ళ సర్వీసు నిండలేదు కాబట్టి మామూలు పింఛను కూడా లేదు. చేతికి కొంత సొమ్ము ఇచ్చి పంపారు, అది మందులకే అయిపోయింది.

చేరేటప్పుడు అన్ని పరీక్షలూ చేసి ఫిట్ అని తీసుకున్న మనిషికి జబ్బు ఎక్కడి నుంచి వచ్చినట్టు? ఇప్పుడు అడిగితే ఆలస్యమైందంటారా? ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

మాజీ_సిగ్నల్స్_హవల్దార్
ఆలస్యం కాలేదమ్మా. ఇలాంటి పింఛను ప్రతి నెలా నిరాకరించినట్టే లెక్క కాబట్టి పాత కేసులు కూడా విచారణకు తీసుకుంటున్నారు. అయితే బకాయిలు మాత్రం కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్ళ వరకే ఇస్తారు. 2008లో తర్‌సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. అందుకే ఇంకా ఆగవద్దు. రికార్డ్స్ ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు వెంటనే పెట్టండి. పింఛను లేకుండా వచ్చినవారి కాగితాలను 25 ఏళ్ళ తరువాత తీసేస్తారు. మీకు ఆ గడువు దూరంగానే ఉంది, కానీ ఇది చదివేవారిలో 2000కు అటూ ఇటూగా వచ్చేసినవారు ఉంటే వారు ఈ వారమే పెట్టాలి.

నర్సింగ్_అసిస్టెంట్_విజయనగరం
నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో సైకియాట్రీ వార్డులో చాలా కాలం పనిచేశాను. ఏ కాగితాలు అడగాలో వివరంగా చెబుతాను. ఊరికే 'మెడికల్ కాగితాలు ఇవ్వండి' అని రాస్తే డిశ్చార్జి సర్టిఫికెట్ నకలు పంపి ఊరుకుంటారు.

మొదటిది మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్, ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 అనే ఫారం. అన్ని పేజీలూ అడగండి. రెండోది ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-10. మానసిక జబ్బుల కేసుల్లో కమాండింగ్ ఆఫీసరు రాసే నివేదిక అది. మనిషి పని ఎలా చేసేవాడు, ప్రవర్తన ఎప్పుడు మారింది, ఆ సమయంలో యూనిట్ ఎక్కడ ఉంది అనేవి అందులో ఉంటాయి. ఇది చాలా కుటుంబాలకు తెలియదు, అడగరు. నేను చూసినంతలో కేసుకు ప్రాణం ఈ కాగితంలోనే ఉంటుంది. మూడోది చేరినప్పటి వైద్య పరీక్ష. నాలుగోది ఆసుపత్రి కేసు షీట్లు. వైద్య రికార్డులు పొందే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 25వ సెక్షను కింద రోగికి ఉంది. ఆ సెక్షను కూడా దరఖాస్తులో రాయండి.

ఇప్పుడు అసలు విషయం. మిలటరీ డాక్టర్లు పింఛను కేసుల్లో ఒక గైడును పాటించాలి. 2002 నాటి గైడును 2008లో సవరించారు. దాని 54వ పేరాలో మానసిక జబ్బులను ఎప్పుడు సర్వీసు వల్ల వచ్చినట్టు ఒప్పుకోవాలో ఉంది. ఉగ్రవాద వ్యతిరేక ఆపరేషన్ల ప్రాంతంలో, ఎత్తైన మంచు ప్రాంతాల్లో, మనుషుల జాడలేని పోస్టుల్లో ఉండగా మొదలైతే ఒప్పుకోవాలి. ప్రాణనష్టం జరిగిన మిలటరీ వాహన ప్రమాదాల తరువాత, తుపాను, భూకంపం లాంటి విపత్తుల్లో శవాల మధ్య పనిచేసిన తరువాత వచ్చినా అంతే. మీ వారిది కుప్వారా అంటున్నారు. జబ్బు మొదట బయటపడింది అక్కడేనా, అక్కడి నుంచి వచ్చాకనా అన్నది కాగితాల మీద తేల్చుకోండి. బోర్డు ఫారంలో జబ్బు మొదలైన తేదీ, స్థలం రాసే గడి ఉంటుంది.

ఇంకొక సంగతి చాలామంది వదిలేస్తారు. ఇంట్లో భార్యో బిడ్డో చనిపోయినా సర్వీసు అవసరాల పేరుతో లీవు ఇవ్వకపోతే, ఆ తరువాత మూడు నెలల్లో జబ్బు వస్తే, సర్వీసు వల్ల పెరిగినట్టు పరిగణించాలని అదే పేరాలో ఉంది. లీవు అడిగి రాసిన ఉత్తరాలు, పంపిన టెలిగ్రాములు దాచుకున్నవారు వాటిని పారేయవద్దు.

తమ్ముడి_కోసం
మా తమ్ముడిది కూడా ఇదే జబ్బు. ఆరు నెలల లోపు మొదటి అప్పీలు, అక్కడా కాదంటే మళ్ళీ ఆరు నెలల్లో రెండో అప్పీలు వేయవచ్చు. మాకు రెండింటికీ ఒకే జవాబు వచ్చింది, వాక్యం కూడా మారలేదు. మా వకీలు ట్రిబ్యునల్‌లో (సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్) వాదించింది కూడా దాని మీదే: ఎందుకు కాదో ఎక్కడ రాశారు? 'కాన్‌స్టిట్యూషనల్ డిజార్డర్', అంటే మనిషి శరీర తత్వంలోనే ఉన్న జబ్బు, అని ఒక ముక్క రాస్తే అది కారణం అవుతుందా? కేసు గెలిచాం. వాడికి 40 శాతం అని రాశారు, ఇచ్చింది 50 శాతం లెక్కన. 50కి తక్కువైతే 50, 50 నుంచి 75 వరకు 75, ఆ పైన 100గా లెక్కగట్టాలనే నియమం ఉంది. ఈ పింఛనులో రెండు భాగాలు ఉంటాయి. వైకల్యానికి ఇచ్చే డిసెబిలిటీ ఎలిమెంటు 100 శాతానికి చివరి జీతంలో 30 శాతం, కాబట్టి 50కి 15 శాతం వస్తుంది. చేసిన సర్వీసుకు ఇచ్చే సర్వీసు ఎలిమెంటు వేరుగా ఇస్తారు, దానికి పదేళ్ళు నిండాలనే షరతు ఉండదు.

డబ్బు ఒక ఎత్తు. ఆ తీర్పు వచ్చిన రోజున అమ్మ ఊళ్ళో అందరికీ చెప్పుకుంది, 'మా వాడు పిచ్చివాడై రాలేదు, దేశం పని చేస్తూ జబ్బుపడ్డాడని రాశారు' అని. అంతకు ముందు వాడి పేరు ఎత్తితే తల దించుకునేది.

నల్గొండ_అడ్వకేటు
పై మాటలన్నీ నిజమే. అయితే కేసు వేస్తే గెలుపు ఖాయం అనే నమ్మకంతో ఎవరూ రావద్దు. 2013లో ధరమ్‌వీర్ సింగ్ తీర్పులో సుప్రీంకోర్టు, చేరేటప్పుడు జబ్బు నమోదు కాకపోతే మనిషి ఆరోగ్యంగా ఉన్నట్టే భావించాలని, కాదని నిరూపించే భారం ప్రభుత్వానిదేనని చెప్పింది. అదే సుప్రీంకోర్టు 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో, స్కిజోఫ్రీనియా లాంటివి చేరేటప్పటి పరీక్షలో కనబడవు కాబట్టి అప్పుడు రాయలేదన్న ఒక్క కారణంతో పింఛను రాదంది. ప్రభుత్వ న్యాయవాదులు ప్రతి కేసులోనూ దీన్నే చూపిస్తారు. మళ్ళీ 2025 మేలో, స్కిజోఫ్రీనియాతో బయటికి పంపిన సైనికుడి కేసులోనే, కారణాలు రాయని బోర్డు అభిప్రాయం చెల్లదని చెప్పి పింఛను ఇప్పించింది. కాబట్టి కేవలం 'ఫిట్‌గా చేరాడు' అనే వాదన మీద ఆధారపడవద్దు. ఏ ఊళ్ళో, ఏ డ్యూటీలో, ఏ నెలలో మార్పు వచ్చిందో చూపించగలిగితే కేసు నిలబడుతుంది.

2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నియమాలు వచ్చాయి, ఆ తరువాత బయటికి వచ్చినవారు వాటినే చూడాలి. మీకు వర్తించవు.

సీఆర్‌పీఎఫ్_కుటుంబం
మా అన్నయ్య సీఆర్‌పీఎఫ్. మాకూ ఈ ట్రిబ్యునలేనా?

నల్గొండ_అడ్వకేటు
కాదు. సైన్యం, నేవీ, వైమానిక దళం వారికే అది. మీకు కేంద్ర ఉద్యోగుల ఎక్స్‌ట్రార్డినరీ పింఛను నియమాలు వర్తిస్తాయి, వివాదం వస్తే హైకోర్టు.

గిద్దలూరు_జవాను_భార్య
అందరికీ నమస్కారాలు. జబ్బు మొదలైన స్థలం దగ్గర కుప్వారా అనే రాసి ఉంది, ఇప్పుడే తీసి చూశాను. ఇన్నాళ్ళూ ఆ గడి వైపు చూడనే లేదు మేము. ఒక భయం ఉంది. మళ్ళీ బోర్డుకు రమ్మంటే ఆయన రాగలరా? యూనిఫారం వేసుకున్నవారిని చూస్తే వణికిపోతారు. మందులు ప్రైవేటుగా కొంటున్నాం.

నర్సింగ్_అసిస్టెంట్_విజయనగరం
రీసర్వే బోర్డుకు, అంటే వైకల్యాన్ని మళ్ళీ చూసే మెడికల్ బోర్డుకు, పిలిస్తే మీరు వెంట వెళ్ళండి. ఇంట్లో ఎలా ఉంటున్నారో చెప్పాల్సింది మీరే, ఆయన 'బాగున్నాను సార్' అని చెప్పి వచ్చేస్తారు. మా వార్డులో అందరూ అలాగే చెప్పేవారు, జవానుకు నేర్పిన జవాబు అది. నిద్ర, తిండి, స్నానం, కోపం, డబ్బు వ్యవహారం, ఒక్కొక్కటి కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ముందు రోజు మందులు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఆపవద్దు. జబ్బు కనబడాలని కొందరు ఆపిస్తారు, అది మనిషికి చేసే ద్రోహం.

పింఛను వచ్చేదాకా ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు రాదు. అంతవరకు జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రిస్టు దగ్గర ఉచితంగా మందులు తీసుకోండి, ఆ చీటీలు కేసుకూ పనికివస్తాయి. రాత్రిపూట కష్టమైతే 14416కు ఫోను చేయండి, అది టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను. తెలుగులో మాట్లాడతారు.

మాధవరం_పెద్దాయన
అమ్మా, మా తాడేపల్లిగూడెం దగ్గర మాధవరంలో ఇంటికొకరు సైన్యంలో పనిచేసినవారే. చేయి పోయి వచ్చిన వాడికి ఊరు దండ వేస్తుంది, మనసు దెబ్బతిని వచ్చిన వాడికి వేయదు. నేను అది చూశాను, ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది. మీరు అడిగేది దానం కాదు, ఆయన సంపాదించుకున్నది.

సదరం సర్టిఫికెట్ (రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) కూడా చేయించుకోండి. సైన్యం శాతం వేరు, సదరం శాతం వేరు, ఒకదానికొకటి అడ్డు కాదు. 40 దాటితే రాష్ట్ర ప్రభుత్వ పింఛనుకు దరఖాస్తు పెట్టవచ్చు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అప్పీలు రాయడానికి సాయం చేస్తారు.

నల్గొండ_అడ్వకేటు
ఫీజు గురించి భయపడవద్దు. మానసిక జబ్బు ఉన్నవారికి, మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, ఆదాయం చూడరు. అప్పీలు పంపిన ఆరు నెలలకూ జవాబు రాకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు, మనకు చెన్నై బెంచి. ఆలస్యాన్ని మన్నించమని వేరే దరఖాస్తు జత చేయాలి, అందులో ఆయన చికిత్స చీటీలే ఆధారం. ఆయన సంతకం చేసే స్థితిలో లేకపోతే ఆయన తరఫున మీరు వేయవచ్చు. ముందు సమాచార హక్కు దరఖాస్తు రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచండి. కాగితాలు వచ్చాక ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-10లో ఏముందో ఇక్కడ రాయండి, అప్పీలు ముసాయిదా అందరం కలిసి చూద్దాం.