పారాలీగల్ కోర్సు: మెమోలో అప్లికేషన్ భాగం దగ్గరే మార్కులు పోతున్నాయి

డాలస్ దగ్గర ఒక కమ్యూనిటీ కాలేజీలో పారాలీగల్ (లాయర్లకి సహాయకులుగా చేసే పని) అసోసియేట్ డిగ్రీ చేస్తున్నాను, మొత్తం 60 క్రెడిట్లు, ఇప్పుడు మూడో సెమిస్టర్. మిగతావన్నీ ఫర్వాలేదు, లీగల్ రైటింగ్ ఒక్కటే ప్రాణం తీస్తోంది. మూడు మెమోలకి (క్లయింటు కేసుకి చట్టం ఎలా వర్తిస్తుందో విశ్లేషిస్తూ రాసే నోట్) వరసగా 64, 61, 66. మూడింటి మీదా ఒకటే కామెంట్: "కంక్లూజరీ". అంటే కారణం చూపకుండా తీర్పు చెప్పేశానట.

మొన్నటిది సూపర్ మార్కెట్‌లో నేల మీది నీళ్లకి ఒకావిడ జారిపడ్డ కేసు. టెక్సస్ సుప్రీంకోర్టు 2002 నాటి వాల్‌మార్ట్ వర్సెస్ రీస్ తీర్పులో, ఉద్యోగి ఆ పక్కనే ఉన్నంత మాత్రాన సరిపోదు, నీళ్లు ఎంతసేపటి నుంచి ఉన్నాయో కొంతైనా ఆధారం ఉండాలంది. రూల్ అర్థమైంది. కానీ రాయబోతే "ఇక్కడా ఆధారం లేదు కాబట్టి స్టోర్‌కి బాధ్యత లేదు" అని ఒక్క వాక్యంలో అయిపోతోంది. బీకాంలో సెక్షన్ నంబరు వేసి నిర్వచనం దించేస్తే మార్కులు పడేవి, ఆ అలవాటేనేమో.

ఐర్యాక్ వరసలోనే (ఇష్యూ, రూల్, ఆ రూల్‌ని మన కేసుకి అన్వయించే అప్లికేషన్, కంక్లూజన్) రాస్తున్నాను, రైటింగ్ సెంటర్‌కి నాలుగుసార్లు వెళ్లాను (గ్రామర్ దిద్దారు, అంతే), వెస్ట్‌లాలో (తీర్పులు వెతికే డేటాబేస్) ఎర్ర జెండా, అంటే ఆ తీర్పు ఏదో ఒక అంశంలో ఇక చెల్లదనే గుర్తు, ఉందేమో ప్రతి కేసుకీ చూస్తున్నాను, ఆరు కేసులకి బ్రీఫ్‌లు (తీర్పు సారాంశాలు) కూడా రాశాను. ఒక్కో మెమోకి 11, 12 గంటలు పోతున్నాయి. నాలుగోది వచ్చే శుక్రవారం రాత్రి 11:59 లోపు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

లా ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా చెప్పండి: పాత కేసులో జరిగినదాన్నీ మన క్లయింటుకి జరిగినదాన్నీ పోల్చే ఆ పేరా మొదలుపెట్టేముందు మీరు కాగితం మీద ఏం రాసుకుంటారు?