చెన్నైలో పెరిగే పాపకు రెండక్షరాల పేరు: అర్థం, పుట్టుక తెలిసినవారు చెప్పగలరా?

ప్రశ్న (పెరంబూరు నాన్న):
మాది నెల్లూరు. ఉద్యోగరీత్యా కొన్నేళ్లుగా చెన్నైలో ఉంటున్నాము. పాప పుట్టి 18 రోజులైంది. నక్షత్రం రోహిణి, మూడవ పాదం కనుక ‘వీ’ అక్షరంతో పేరు పెట్టాలని పురోహితులు చెప్పారు. ఇంటిపేరే ఐదక్షరాలున్నందున పాప పేరు రెండక్షరాలకు మించకూడదని నా భార్య పట్టుదల. మా అమ్మ ‘వీణ’ అని దాదాపు ఖాయం చేసేసింది. అంతర్జాలంలోని జాబితాలలో మూడు పేర్లకొకటి ‘సంస్కృతం, దుర్గాదేవి’ అని ఉండటంతో వాటిమీద నమ్మకం పోయింది. తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

సమాధానం (మైలాపూర్ వాసి):
‘వీణ’ తెలుగువారికి ఎంత చక్కని పేరో, చెన్నైలో అంత చిక్కు తెచ్చే పేరండీ. వాద్యాన్ని తమిళులు ‘వీణై’ అంటారు. ‘వీణా’ అంటే వారి వాడుకలో ‘వృథాగా’ అని అర్థం. పాలు విరిగినా, సెలవు ఊరికే గడిచినా ‘వీణా పోచ్చు’ అంటారు. మా అమ్మాయి తరగతిలో ఆ పేరుగల తెలుగు పిల్ల ఉండేది; హాజరు పిలిచినప్పుడల్లా వెనుక బెంచీ నుండి ఎవరో ఒకరు ‘పోచ్చు’ అని పూర్తిచేసేవారట.

‘వీచి’ అంటే సంస్కృతంలో అల, కాని తెలుగు చెవికి అది ‘గాలి వీచి’లాగా వినబడుతుంది. ‘వా’ అక్షరానికి పురోహితులు ఒప్పుకుంటే ‘వాణి’ మంచిది. వాక్కు, సరస్వతి అని అర్థం. తమిళంలోనూ రాతకు, పలుకుకు అడ్డులేదు.

మరొక సంగతి గమనించండి. తమిళ లిపిలో క, గలకు ఒకే అక్షరం, త, థ, ద, ధలకు ఒకే అక్షరం. అమృతమనే అర్థంగల ‘సుధ’ను ‘సుత’ అని చదివినా నష్టంలేదు, సుత అంటే కూతురే. ‘గౌరి’ని ‘కౌరి’ అంటే మాత్రం అర్థమే మిగలదు. చంద్రుడనే అర్థంగల ‘ఇందు’ను అక్కడ రాస్తే ‘హిందూ’ అనే మాటను రాసినట్లే ఉంటుంది.

సమాధానం (విశ్రాంత తెలుగు పండితుడు):
ఇంటిలో జరిపే సంస్కారాల విధులు చెప్పే ప్రాచీన గ్రంథం పారస్కర గృహ్యసూత్రం మగపిల్లవాడికి రెండు లేక నాలుగు అక్షరాల పేరు, ఆడపిల్లకు బేసి సంఖ్య అక్షరాలతో, ‘ఆ’కారాంతమైన పేరు పెట్టమంటుంది. అయినా సీత, ఉమ, రాధ, రమ అన్నీ రెండక్షరాలవే కనుక మీ ఆవిడ కోరికలో తప్పేమీ లేదు. సీత అంటే నాగటి చాలు. జనకుడికి ఆమె దొరికినది అక్కడే. ఉమ పేరుకు కాళిదాసు కుమారసంభవంలో చెప్పిన పుట్టుక మరీ అందమైనది: తపస్సుకు బయలుదేరిన కూతురిని తల్లి మేన ‘ఉ, మా’, అంటే ‘ఓసీ, వద్దు’ అని వారించిందట, ఆ మాటే పేరైందట. వ్యాకరణం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఒక తల్లి కంగారు పేరుగా నిలిచిపోవడం నాకు ఇష్టం.

ఇక నక్షత్రాక్షరం గురించి: ఆ పేరును నామకరణం నాడు చెవిలో చెప్పి, పిలుపు పేరు వేరుగా పెట్టుకోవడం మన ఇళ్లలో ఉన్నదే.

సమాధానం (ఇద్దరు ఆడపిల్లల తల్లి):
తొందరపడకండి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండానే జననం నమోదు చేయించి, 12 నెలలలోపు రుసుము లేకుండా పేరు చేర్చవచ్చు.

అందరూ సంస్కృతమే చెప్పారు గాని, మల్లెజాతి పువ్వు ‘మొల్ల’ మన పేరే. రామాయణం రాసిన కవయిత్రి పేరూ అదే. ‘సిరి’ సంస్కృత ‘శ్రీ’ నుండి ప్రాకృతం మీదుగా మనకు వచ్చింది, సంపద అని అర్థం. తమిళంలో ‘సిరి’ అంటే ‘నవ్వు’ అని చెప్పడం. ఆపిల్ ఫోను కూడా ఆ పిలుపుకు పలుకుతుంది, అదొక్కటే ఇబ్బంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. మీ జవాబు చదివి వినిపించగానే నా భార్య నవ్వింది. పక్కింటి పాట్టి (తమిళ బామ్మ) పాపను ఎత్తుకున్నప్పుడల్లా గడ్డం పట్టుకొని ‘సిరి, సిరి’ అంటూనే ఉందట. చెవిలో వీణ, పిలవడానికి సిరి అని అనుకుంటున్నాము. ‘వీణా పోచ్చు’ సంగతి మా అమ్మకు ఎలా చెప్పాలో మాత్రం ఇంకా తోచలేదు.