సస్పెన్స్ నవలలో ప్రార్థన సీన్ రాగానే టెన్షన్ పోతోంది, ఏం చేయాలి?

మెట్టుగూడ_రైటర్:
అందరికీ వందనాలు. ఒక క్రైమ్ సస్పెన్స్ నవల రాస్తున్నా, సగం దాటింది. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఇంటర్ ఫస్టియర్ అమ్మాయి సాయంత్రం ట్యూషన్‌కి వెళ్ళి ఇంటికి రాదు. నాన్న వర్క్‌షాప్‌లో ఫిట్టర్, అమ్మ సండే స్కూల్ టీచర్. స్టేషన్‌కి పోతే ఎస్సై ‘ఎవరితోనో వెళ్ళిపోయుంటుంది, రెండ్రోజులు చూడండి’ అని పంపించేస్తాడు, సంఘంలో కూడా మెల్లగా అదే గుసగుస. ఎత్తుకెళ్ళినవాడు ఆ మందిరానికి వచ్చేవాడే, క్రిస్మస్ క్యారల్స్‌కి వీళ్ళింటికొచ్చి గిటార్ వాయించి కేక్ తిని వెళ్ళినవాడు.

ఇద్దరికి చదవమని ఇచ్చా. మా యూత్‌లో ఒకన్న ‘విశ్వాసి అయ్యుండి ఇంత చీకటి ఎందుకమ్మా, మంచి సాక్ష్యాలు రాయొచ్చుగా’ అన్నాడు. నా ఫ్రెండ్ చర్చికి రాదు గానీ సస్పెన్స్ నవలలు నమిలేస్తుంది, తనేమో ‘ఆ తల్లి మోకాళ్ళేసిన ప్రతిసారీ నాకు భయం పోతోందే, ఎలాగూ దేవుడు కాపాడేస్తాడని తెలిసిపోతోంది’ అంది. ఇదే నన్ను పట్టుకుంది. ప్రార్థన తీసేస్తే ఆ తల్లే ఉండదు, ఉంచితే సస్పెన్స్ ఉండట్లేదు. పిల్ల బతికి రావాలా వద్దా అన్నది కూడా ఇంకా తేల్చలేదు. చెప్పండి ప్లీజ్.

బొల్లారం_మాస్టారు:
అమ్మా వందనాలు. చీకటి ఎందుకన్న ఆ అబ్బాయిని బైబిల్లో న్యాయాధిపతులు 19వ అధ్యాయం ఒకసారి చదవమను. రాత్రంతా పాడుచేయబడిన ఆ స్త్రీ తెల్లారేసరికి గడప మీద చేతులు పెట్టి పడి ఉంటుంది, ఆమెకి పేరు కూడా రాయలేదు. గ్రంథమే దాచనిది మనమెందుకు దాచాలి? 88వ కీర్తన చూడు, మొదట్లో ‘నా రక్షణకర్తవగు దేవా’ అని పిలుస్తాడు, ఆ తర్వాత ఒక్క వచనంలో కూడా ఓదార్పు రాదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. అయినా అది పాట, గుడిలో పాడుకున్న పాట. విలాపవాక్యములు ఐదు అధ్యాయాలు, మనం గోడల మీద క్యాలెండర్ల మీద రాసుకునే ‘ఆయన వాత్సల్యత ఎడతెగక నిలుచున్నది’ అన్నది మూడో అధ్యాయంలో ఉంది, అంటే మధ్యలో. ఆ తర్వాత మళ్ళీ ఆకలి, మళ్ళీ బూడిద, పుస్తకం చివర ‘నువ్వు మమ్మల్ని పూర్తిగా వదిలేశావా’ అన్నంత బాధతో ఆగుతుంది. నువ్వు కూడా నిరీక్షణని చివరి చాప్టర్‌కి దాచిపెట్టకు తల్లీ, మధ్యలోనే రానీ, వచ్చాక కూడా పిల్ల దొరక్కపోనీ.

ఆదివారం_ఆబిడ్స్:
నేను క్రిస్టియన్ కాదండీ, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర ముందు క్రైమ్ నవలలే ఏరుకునే బ్యాచ్. మీ ఫ్రెండ్ చెప్పింది కరెక్టే కానీ తప్పు ప్రార్థనది కాదు, ఆ సీన్‌లో పాత్రలకంటే పాఠకుడికి ఎక్కువ తెలిసిందేమీ లేకపోవడం. దొస్తోయెవ్‌స్కీ 1866లో రాసిన ‘నేరము-శిక్ష’లో సోన్యా అనే అమ్మాయి హంతకుడికి బైబిల్లో చనిపోయిన లాజరు తిరిగి లేచిన అధ్యాయం చదివి వినిపిస్తుంది చూడండి, ఎదురుగా కూర్చున్నది గొడ్డలితో ఇద్దరిని చంపినవాడని ఆమెకి అప్పటికి తెలీదు, మనకి తెలుసు, పైగా ఆ పుస్తకం ఆమెకిచ్చిన లిజవేత వాడు చంపిన ఇద్దరిలో ఒకామె. బైబిల్ చదివే సీనే అది, నాకు మాత్రం నవల మొత్తంలో ఊపిరి బిగబట్టి చదివింది అక్కడే.

మీరు కూడా అమ్మాయి కోసం ఇంట్లో ప్రార్థన కూటం పెట్టించండి. చాపలు వేశారు, అందరూ కళ్ళు మూసుకున్నారు, వాడూ వచ్చి ఆ తల్లి పక్కనే కూర్చున్నాడు, పాస్టర్ గారు ‘బ్రదర్ మీరు ప్రార్థన చేయండి’ అని వాడికే ఇచ్చారు. వాడు చక్కగా, కన్నీళ్ళతో చేశాడు. వాడెవడో పాఠకుడికి అప్పటికే చెప్పేసి ఉండాలి. ఇక ఆ ఆమేన్‌కి ఎవరికి భయం పోతుంది చెప్పండి.

జైలు_పరిచర్య_అక్క:
వందనాలు చెల్లి. పైన ఇచ్చిన కూటం సీన్ చదివితేనే ఒళ్ళు జలదరించింది. నాది ఒకటే మనవి, చివర్లో వాణ్ణి ఒక్క పేజీలో మార్చేయకు. చర్లపల్లి జైలుకి వాక్యం చెప్పడానికి వెళ్తుంటాం మేము, ‘దేవుడు క్షమించాడుగా అక్కా, మరి శిక్ష ఎందుకు’ అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. సిలువ మీద దొంగకి పరదైసు దొరికింది గానీ వాడిని సిలువ మీద నుంచి దించలేదు. దావీదు రాజు ‘నేను పాపం చేశాను’ అనగానే ప్రవక్త నాతాను దేవుడు క్షమించాడని చెప్పాడు, అదే నోటితో బిడ్డ చనిపోతాడని కూడా చెప్పాడు. వాడు నిజంగా మారితే ముందు అమ్మాయి ఎక్కడుందో చెప్పాలి, తర్వాత తన కాళ్ళతో స్టేషన్‌కి నడవాలి. ‘క్షమించాను’ అన్న మాట ఆ తల్లి నోట్లో అంత తొందరగా పెట్టకు, పెట్టకపోయినా పర్లేదు.

మెట్టుగూడ_రైటర్:
మాస్టారు గారూ, అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. కూటం సీన్ తప్పకుండా రాస్తా. ఆ తర్వాతి ఆదివారం ఆమె సండే స్కూల్ మానేయదు, ఆ వారం పాఠం తప్పిపోయిన గొర్రె, ఒక చిన్నపిల్ల ‘టీచర్, దొరక్కపోతే?’ అని అడుగుతుంది. ఆమె ఏం చెప్తుందో మాత్రం ఇంకా తట్టలేదు.

కోర్టు_గుమాస్తా:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి మేడం. ఇంటర్ ఫస్టియర్ అంటే 18 లోపే కదా, మైనర్ కనపడట్లేదంటే కిడ్నాప్ అనుకునే ఎఫ్ఐఆర్ కట్టాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. మీ ఎస్సై ‘రెండ్రోజులు చూడండి’ అనడం చెల్లదు, అలా అన్నాడంటే ఆ తల్లికి తెలీదనే ధైర్యం. ఎవరో ఒకరు ఆమెకి చెప్పాలి.

బొల్లారం_మాస్టారు:
చాలా మంచి మాట చెప్పారు బాబూ. లూకా 18 గుర్తొచ్చింది, విసుగు లేకుండా ప్రార్థన చేయాలని చెప్పడానికి ప్రభువు ఎంచుకున్న మనిషి ఒక విధవరాలు, దేవుడికి భయపడని న్యాయాధిపతి దగ్గరికి న్యాయం కోసం మళ్ళీ మళ్ళీ వచ్చిన ఆమె. అమ్మా, ఆ తల్లిని మోకాళ్ళ మీద నుంచి లేపి రోజూ స్టేషన్‌కి పంపించు, అదీ ప్రార్థనే. మీ ఫ్రెండ్‌కి అక్కడ భయం పోదు, ఎందుకంటే ఆ ఎస్సై ఎఫ్ఐఆర్ రాస్తాడో లేదో ఎవరికీ తెలీదు.

మెట్టుగూడ_రైటర్:
అయితే ఎఫ్ఐఆర్ విషయం ఆమెకి చెప్పేది వర్క్‌షాప్‌లో వాళ్ళాయన పక్కన పనిచేసే యూనియన్ ఆయన, చర్చి మనిషి కాదు. రేపటి నుంచి ఆ చాప్టర్ మొదటి నుంచి తిరగరాస్తున్నా.